ఎలుకల్లో పనిచేసిన మందు సంగతి తర్వాత, ముందు తమ్ముడి కన్ను చూపించండి

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్లు. చెన్నై ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ల కిందట మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎమ్మెస్) అని తేలింది. ఫింగోలిమోడ్ 0.5 మి.గ్రా. క్యాప్సూల్ రోజూ వేసుకుంటూ బాగానే ఉండేవాడు. ఎలుకల్లో ఎంఆర్‌ఎన్‌ఏ టీకాతో, విటమిన్ డీతో ఈ జబ్బు తగ్గిందని నెట్‌లో చదివి, 6 వారాల కిందట క్యాప్సూల్ మానేశాడు. విటమిన్ డీ 60,000 యూనిట్ల సాచెట్ రోజుకొకటి తాగుతున్నాడు. 5 రోజులుగా కుడికన్ను మసగ్గా ఉందంటున్నాడు, కన్ను తిప్పితే నొప్పి. ఇంట్లో మిగిలిన ప్రెడ్నిసొలోన్ 20 మి.గ్రా. మాత్రలు వేసుకుంటున్నాడు. ఆ ఎలుకల చికిత్స మనకెప్పుడు వస్తుంది? చెన్నైలో ట్రయల్స్ ఎక్కడ జరుగుతున్నాయి?
– ఒక సోదరి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: అమ్మా, మీరు ట్రయల్స్ గురించి అడిగారు. నా కళ్లు మాత్రం మీ ఉత్తరంలో ‘5 రోజులుగా కుడికన్ను మసక’ అన్న చోటే ఆగిపోయాయి. ఇది చదివిన రోజే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. అపాయింట్‌మెంట్ వచ్చే వారానికి ఇస్తామంటే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఖర్చుకు వెనకాడుతుంటే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వాసుపత్రి జీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది.

కన్ను తిప్పితే నొప్పి, చూపు మసకబారడం, ఈ రెండూ కలిశాయంటే ముందు అనుమానించాల్సింది కంటి నరం వాపు. ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. ఎర్రటి సీసా మూత ఒకటి పట్టుకుని, ఒక్కో కన్ను మూయించి చూడమనండి. కుడికంటికి ఆ ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ఎరుపు బాగానే కనిపించిందని మాత్రం ఇంట్లో కూర్చోవద్దు. ఫింగోలిమోడ్ వాడినవాళ్లకు అరుదుగా రెటీనా మధ్యలో నీరు చేరి కూడా చూపు మసకబారుతుంది, అరుదైన మెదడు ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. వీటిని వేరు చేయడానికి కంటి పరీక్ష, ఎంఆర్ఐ కావాలి. మనిషిని చూడకుండా ఉత్తరం చదివి నేను తేల్చగలిగేది కాదు.

ఇక ఆ ప్రెడ్నిసొలోన్. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ మాత్ర అంత ప్రమాదకరమైన ‘తెలిసిన మందు’ ఇంకోటి లేదు. కంటి నరం వాపులో దీన్ని ప్రత్యేకంగా పరీక్షించారు కూడా. 1992లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో కిలో బరువుకు 1 మి.గ్రా. లెక్కన మాత్రలు మాత్రమే వేసుకున్నవాళ్లకు చూపు త్వరగా రాలేదు సరికదా, వాపు మళ్లీ రావడం ఎక్కువైంది. పనిచేసిన పద్ధతి వేరు: మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకు 1 గ్రాము చొప్పున 3 రోజులు చేతి రక్తనాళంలోకి ఎక్కించి, తర్వాత మాత్రలు. మీ తమ్ముడు వేసుకుంటున్న 20 మి.గ్రా. ఆ వాపుకు చాలదు. పైగా షుగరును, మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో దాగిన ఇన్ఫెక్షన్‌ను రేపడానికి అది చాలు. పెద్ద మోతాదు ఎక్కించే ముందు షుగరు, బీపీ, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే చూసేది అందుకే. ఎన్ని మాత్రలు వేసుకున్నాడో దాచకుండా చెప్పమనండి, ఎవరూ కొట్టరు.

నన్ను ఎక్కువ భయపెట్టింది క్యాప్సూల్ మానేయడం. అదెలా పనిచేస్తుందో తెలిస్తే మానేస్తే ఏమవుతుందో చెప్పకుండానే అర్థమవుతుంది. నరాల పోగుల మీదుండే మైలిన్ అనే పొర మీద దాడి చేసే తెల్లరక్తకణాలు లింఫ్ గ్రంథుల్లోంచి బయటికి రావాలంటే వాటి మీదుండే ఒక గ్రాహకం పనిచేయాలి. ఫింగోలిమోడ్ దాన్ని అణచిపెడుతుంది. కణాలు చావవు, లోపలే చిక్కుకుపోతాయి, అంతే. మందు మానేసిన ఒకటి రెండు నెలల్లో అన్నీ బయటికొస్తాయి. కొందరిలో జబ్బు మందు మొదలుపెట్టక ముందుకన్నా ఉధృతంగా తిరగబడుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2018 నవంబరులో దీనిపై హెచ్చరిక ఇచ్చింది, మానేసిన 2 నుంచి 24 వారాల లోపు అని. మీ తమ్ముడికి ఇది 6వ వారం. లెక్క మీరే చూసుకోండి.

దీనికి కంగారుపడి ఈ రాత్రి క్యాప్సూల్ ఇచ్చేస్తారేమో, వద్దు! 14 రోజులకు మించి ఆపిన మనిషికి మళ్లీ ఇస్తే మొదటి డోసు లాగే గుండె వేగం పడిపోవచ్చు. ముందు ఈసీజీ తీసి, డోసు వేశాక 6 గంటలు ఆసుపత్రిలో ఉంచి గంట గంటకూ నాడి, బీపీ చూడాలి. అసలు అదే మందు మళ్లీ ఇవ్వాలా, రిటుక్సిమాబ్ లాంటి వేరేదానికి మార్చాలా అన్నది ఎంఆర్ఐ, హెపటైటిస్ బి, క్షయ పరీక్షలు చూసి మీ తమ్ముడి డాక్టరు నిర్ణయించాలి. అక్వాపోరిన్-4, మాగ్ (ఎంఓజీ) యాంటీబాడీ పరీక్షలు మూడేళ్ల కిందట చేయించారో లేదో పాత ఫైల్లో వెతకండి. ఎమ్మెస్‌లాగే కనిపించే వేరే జబ్బులు రెండున్నాయి. వాటిలో మొదటిదానికి, అంటే అక్వాపోరిన్ యాంటీబాడీ ఉన్నవాళ్లకు, ఫింగోలిమోడ్ చేటు చేస్తుంది.

విటమిన్ డీ లెక్క కూడా చూడండి. లోపం ఉన్నవాళ్లకు మేము వారానికొకటి రాసే సాచెట్ అది. రోజుకొకటి చొప్పున 42 రోజులంటే 25 లక్షల యూనిట్లు దాటింది. వెంటనే ఆపించి రక్తంలో కాల్షియం, క్రియాటినిన్, విటమిన్ డీ స్థాయి చేయించండి. దాహం, వాంతులు, మలబద్ధకం, మగతగా ఉండటం కాల్షియం పెరిగిందనడానికి గుర్తులు. ఎలుకలకు ఎక్కువగా ఇచ్చింది విటమిన్ డీ చురుకైన రూపం కాల్సిట్రియాల్, మెడికల్ షాపు సాచెట్ కాదు.

ఎలుకల విషయానికొద్దాం. ఎమ్మెస్ ఎలుకలకు దానంతటది రాదు, మనమే తెప్పించాలి. మైలిన్‌లోని మాగ్ అనే ప్రోటీన్‌లో 35 నుంచి 55వ అమైనో ఆమ్లం దాకా ఉన్న చిన్న ముక్కను, చంపిన క్షయ బ్యాక్టీరియా కలిపిన నూనెలో చిక్కగా చిలికి చర్మం కింద ఎక్కిస్తారు. అదే రోజు, మళ్లీ 2 రోజులకు కోరింత దగ్గు క్రిమి విషం ఇస్తారు. 10–14 రోజులకు తోక వాలుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకను తోక మొదట్లో పట్టి లేపితే తోక బిగువుగా నిలుస్తుంది, జబ్బు మొదలైనదానికి తాడుముక్కలా వేలాడుతుంది. అది 1 మార్కు. వెనక కాళ్లు పూర్తిగా పడిపోతే 3, చనిపోతే 5. ‘ఎలుకల్లో జబ్బు తగ్గింది’ అని మీరు చదివే వార్త చాలాసార్లు ఈ మార్కు 3 నుంచి 1కి రావడమే.

ఈ నమూనాకు మూలం కుక్కకాటు సూది. మన పెద్దలు చెప్పే ‘బొడ్డు చుట్టూ 14 సూదులు’ గుర్తుందా? కూనూరులో తయారైన ఆ మందులో గొర్రె మెదడు కణజాలం ఉండేది. అలాంటి టీకాలు తీసుకున్న కొద్దిమందికి కాళ్లు చచ్చుబడటం ఎందుకో తేల్చుకోవడానికే 1930ల్లో న్యూయార్క్‌లో థామస్ రివర్స్ కోతులకు కుందేలు మెదడు సారం పదేపదే ఎక్కించి చూశాడు.

ఇలా మనమే తెప్పించిన జబ్బు కాబట్టి ఎలుకలో దాడి ఏ రోజు మొదలైందో తెలుసు, ఏ ముక్క మీద జరుగుతోందో తెలుసు. 2021 జనవరిలో బయోఎన్‌టెక్ వాళ్లు ప్రచురించిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకా నడిచింది ఈ తెలివిడి మీదే. అదే మాగ్ ముక్కను వాపు రేపకుండా రోగనిరోధక వ్యవస్థకు చూపించి, దాడిని అదుపుచేసే టీ కణాలను (ఒక రకం తెల్లరక్తకణాలను) పెంచారు. మంచి పని, ఒప్పుకోవాలి. అయితే మీ తమ్ముడి శరీరంలో టీ కణాలు ఏ ముక్క మీద దాడి చేస్తున్నాయో చెప్పగల పరీక్ష లేదు. ఒకటే ముక్క అన్న నమ్మకం కూడా లేదు. ఎమ్మెస్‌కు ఆ టీకాను ఏ దేశమూ అనుమతించలేదు.

ఎలుక చెప్పింది మనిషిలో తిరగబడిన సందర్భాలూ ఉన్నాయి. రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్ చాలా ఎలుక ప్రయోగాల్లో మేలు చేసింది. 1987లో ప్రచురితమైన ట్రయల్‌లో 18 మంది రోగులకిస్తే 7 మందికి జబ్బు తిరగబెట్టింది. వాపు రేపే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటే ఎలుకలు బాగుపడ్డాయి, మనుషుల్లో ఎమ్మెస్ ముదిరింది. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే అడాలిముమాబ్ లాంటి కీళ్లవాతం మందులు ఎమ్మెస్ ఉన్నవాళ్లకు మేము రాయనిది అందుకే.

అలాగని ఎలుకలను తీసిపారేయలేం. 1992లో ఎలుకల్లో పనిచేసిన యాంటీబాడీ ఆలోచన 2004లో నటాలిజుమాబ్ అనే ఎమ్మెస్ మందు అయింది. మీ తమ్ముడు మానేసిన ఫింగోలిమోడ్ కూడా ఎలుకల్లో నెగ్గి, తర్వాత మనుషుల్లో ఏళ్ల తరబడి పరీక్షలు దాటి 2010లో అనుమతి పొందిన మందే. ఎలుకలో నెగ్గిందని నమ్మి ఇంకోదాని కోసం దాన్ని వదిలేయడం నాకు మింగుడుపడటం లేదు.

ట్రయల్స్ కోసం క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్ఐ) వెబ్‌సైట్‌లో జబ్బు పేరుతో వెతకండి, మన దేశంలో నమోదైనవన్నీ అక్కడుంటాయి. ట్రయల్‌లో చేరడానికి మీ దగ్గరే డబ్బు అడిగేవాళ్లుంటే, ముఖ్యంగా స్టెమ్ సెల్స్ పేరు చెబితే, అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. కంటి నరం వాపు మధ్యలో ఉన్నవాణ్ని ఎలాగూ ఇప్పుడే ఏ ట్రయల్‌లోనూ చేర్చుకోకపోవచ్చు.

వెళ్లేటప్పుడు పాత ఎంఆర్ఐ సీడీలు, ఖాళీ అయిన మందు స్ట్రిప్పులు, సాచెట్ కవరు పట్టుకెళ్లండి. బండి తాళాలు మీ దగ్గర పెట్టుకోండి, ఒక కన్ను మసగ్గా ఉన్నవాడు ఓఎంఆర్ ట్రాఫిక్‌లో నడపకూడదు.