కథ రాయలేకపోతున్నానన్న ప్రశ్నకు సమాధానం

నమస్కారమండీ. ఆఫీసు నుంచి పెరంబూరు చేరేసరికి రాత్రి తొమ్మిదవుతోందని, కథ రాద్దామని కూర్చుంటే ఫోనులో యుద్ధాల వార్తల వీడియోలు చూస్తూనే పన్నెండు దాటిపోతోందని, లోకం ఇలా ఉన్నప్పుడు కథల వల్ల ఎవరికి మేలని మీరు అడిగారు.

మీలో పట్టుదల తగ్గిందని నేను అనుకోను. పుస్తకానికి చివరి పుట ఉంటుంది. ఆ వీడియోల వరుసను మాత్రం ముగింపే లేకుండా తయారుచేశారు కనుక, ఎక్కడ ఆపాలో మీరే ముందుగా నిర్ణయించుకోవాలి. నేను ఫోనును వంటింట్లో బియ్యం డబ్బా మీద ఛార్జింగుకు పెట్టి, రూళ్ల నోటుబుక్కులో ఒక పేజీ నిండాకే లేస్తాను. మొదటి వారమంతా నా చేయి దానికోసం బల్ల మీద తడుముతూనే ఉండేది, ఆ తర్వాత మానుకుంది.

మేలు మాటకొస్తే, ఆ తెరనే పనిలో పెట్టవచ్చు. ఎవరైనా చదవగల, దిద్దగల ఆన్‌లైన్ గ్రంథాలయం తెలుగు వికీసోర్సులో పాత పుస్తకాల స్కాన్లు ఉన్నాయి. ఆ స్కాన్లను అక్షరాలుగా మార్చే యంత్రం ‘థ’ను ‘ధ’గా చదివిన చోట్ల, మూలాన్ని పక్కన పెట్టుకుని మనం దిద్దాలి. ఒకరు దిద్దిన పేజీ పసుపు రంగులో ఉంటుంది. మరొకరు సరిచూస్తేనే ఆకుపచ్చగా మారుతుంది. రోజుకు రెండు పేజీలు చాలు. పాత వచనాన్ని అక్షరమక్షరం చదవడం వల్ల నా వాక్యం కూడా కుదుటపడింది.

వీలైతే ఆదివారం ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లండి. మన చెన్నైలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవడం రాని పిల్లలు ఎందరో ఉన్నారు; మీ కథ పూర్తికాగానే ముందుగా అలాంటి పిల్లలకు చదివి వినిపించండి.