పెన్సిల్‌తో రాయి

అమ్మడూ,

పురుగుల మీదే పరిశోధన చేస్తానన్నావట, జీవపరిణామం గురించి రాస్తానన్నావట. మీ అమ్మ ఫోన్ చేసింది. నేను చెబితే మానేస్తావని తన ఆశ. ఆ రాత్రి గర్వంతో నాకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి భయం పట్టుకుంది.

వల, భూతద్దం, నోటుపుస్తకం ఎప్పుడూ వెంట ఉంచుకో. గణాంకశాస్త్రం తప్పించుకోలేవు, ఇప్పుడే మొదలుపెట్టు. రాత్రిపూట దీపం, తెల్లగుడ్డ పెట్టుకుని ఒంటరిగా కూర్చోకు. ఆ వెలుగుకి చిమ్మటలే కాదు, పెద్ద కందిరీగలూ వస్తాయి. ఒంటరిగా వద్దన్నాను, వినబడిందా?

ఇక చీటీల సంగతి.

నీ వయసులో ఒక వానాకాలమంతా కొండవాలు మీద కింది నుంచి పైదాకా నేలలో గ్లాసులు పాతి పెంకుపురుగుల్ని పట్టాను. ఆల్కహాల్ సీసాల్లో వేసి, ఏ ఎత్తులో, ఏ తేదీన దొరికాయో బాల్‌పెన్నుతో రాసి పైన అంటించాను. ప్రయాణంలో రెండు మూతలు వదులయ్యాయి. పెట్టె తెరిస్తే సగానికి పైగా చీటీలు నీలం మరకలు! ఆ సిరా ఆల్కహాల్‌కి కరిగిపోతుంది, పెన్సిల్ గీత నిలుస్తుంది. చీటీ సీసా లోపలే ఉండాలి. ఇదంతా నాకు మొదటిరోజే చెప్పారు. చాదస్తమనుకున్నాను.

పోయిందేదో పోయిందని ఊరుకున్నా బాగుండేది. "ఇది పైన దొరికిందే, నాకు గుర్తుంది" అనుకుంటూ కొత్త చీటీలు రాశాను. గుర్తా, పాడా! పైకి వెళ్లేకొద్దీ రెక్కలు కురచవుతాయని అప్పటికే మనసులో ఒక కథ అల్లుకుని ఉన్నాను. కురచ రెక్కలవన్నీ కొండెక్కాయి. లెక్క అతికినట్టు కుదిరింది, వ్యాసం అచ్చయింది. రెండేళ్ల తర్వాత అక్కడికే వెళ్తే, నా "పైకొండ" పురుగు కొండ కింద తడి ఆకుల్లో తీరిగ్గా తిరుగుతోంది. సవరణ రాసేది నాలుగు వాక్యాలు. ఆ నాలుగూ పంపడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు అప్పట్లో.

నువ్వు రాయబోయే విషయంలో ఈ గోతులు మరీ ఎక్కువ. ఏ రంగుకైనా, ఏ కొమ్ముకైనా ఓ ప్రయోజనం అల్లేయొచ్చు, చదివేవాళ్లూ మురిసిపోతారు. ఇంగ్లండులోని మచ్చల చిమ్మట కథ పాఠాల్లో చదివావుగా? పొగచూరిన చెట్ల మీద తెల్లవి కొట్టొచ్చినట్టు కనబడితే పిట్టలు తినేశాయి, నల్లవి మిగిలాయి. ఆ మాట తేల్చిన 1950ల నాటి ప్రయోగాల తీరు మీద తర్వాత విమర్శలొచ్చాయి. మైకేల్ మజెరస్ అనే జీవశాస్త్రవేత్త కేంబ్రిడ్జి దగ్గర తన తోటలో 2001 నుంచి 2007 దాకా మళ్లీ చేసి చూశాడు. 4,864 చిమ్మటలు వదిలాడు. అసలవి పగలు ఎక్కడ వాలతాయో చెట్లెక్కి వెతికాడు. పిట్టల మాట నిజమేనని తేలింది. 2009లో ఆయన పోయాడు, 2012లో వేరేవాళ్లు ఆ లెక్కలు అచ్చువేశారు. అందరికీ తెలుసనుకున్న జవాబు కోసం అన్నేళ్లు! నేనైతే రెండో ఏడే మానేసేవాణ్ణి.

నువ్వు మానవు. చిన్నప్పుడు ఒక చీమ వెనకాల పొద్దంతా తిరిగి, అన్నానికి పిలిస్తే ఏడ్చినదానివి.

ఆ నీలం చీటీల్లో ఒకటి దాచుకున్నాను, పెన్సిళ్లతో కలిపి పంపుతున్నాను. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను. రాత్రిపూట ఎవరు తోడొస్తారో మాత్రం ముందు నాకు రాయి.

మామయ్య