నీ చివరి వాక్యం కొట్టేశాను

చిరంజీవి తమ్ముడికి,

పది కంప్యూటర్ ఆటల మీద నువ్వు రాసిన వ్యాసం మొన్న రాత్రి చదివాను. చివర్లో "ఇదంతా నా వ్యక్తిగత అభిప్రాయం మాత్రమే, ఎవరినీ నొప్పించాలని కాదు" అని రాశావు చూడు, ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఒక్కచోట ఉంటే ఊరుకునేవాణ్ని. లెక్కపెడితే ఐదుచోట్ల తేలింది. నీ పేరు పెట్టుకుని నువ్వు రాసింది నీ అభిప్రాయం కాక పక్కింటాయనది అవుతుందా? మాట అనేసి వెంటనే దణ్ణం పెట్టేవాణ్ని చదివేవాడెందుకు నమ్మాలి?

వాక్యాలు పొట్టిగా ఉన్నాయి. బాగుంది.

ఇక నా కోపం సంగతి. చెరసాలలోంచి తప్పించుకుని రాజకుమార్తెను కాపాడే ఆ పాత ఆట మీద నువ్వు రాసింది ఇదీ: "ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 1989. కంట్రోల్స్ బాలేవు, గ్రాఫిక్స్ పాతవి, పదికి ఐదు." ఇంతేనా? కంట్రోల్స్ బాలేకపోవడమంటే ఏమిటి నాయనా? నువ్వు కీ మీద నుంచి వేలు తీసేశాక కూడా ప్రిన్స్ ఇంకాస్త ముందుకు జారి ఆగుతాడు. ఆ జారుడులో గోతిలో పడ్డావు. పడి తిట్టుకున్నావు. రాయాల్సింది అదీ. ఆ ఆట తయారుచేసిన జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌ని పరుగెత్తించి, గెంతించి, వీడియో తీసి, ఆ కదలికల్ని ఫ్రేము ఫ్రేముగా గీసుకున్నాడు. పరుగులో ఉన్న మనిషి ఉన్నట్టుండి ఆగలేడు కదా, ప్రిన్సూ అంతే. సూపర్ మారియో ఆటలో గెంతుతూ పోయే మారియో అలా కాదు. బటన్ ఎక్కువసేపు నొక్కితే ఎక్కువ ఎత్తు ఎగురుతాడు, ఎగిరాక కూడా వాణ్ని వెనక్కి మళ్లించవచ్చు. గాల్లో ఉండగా మనసు మార్చుకునే వీలు మారియోలో ఉంది, ప్రిన్స్‌లో లేదు. గెంతితే గెంతినట్టే. నీకు మొదటిది ఇష్టమైతే దర్జాగా చెప్పు, ఎవరొద్దన్నారు? నాకు రెండోది ఇష్టం. అంచుదాకా వెళ్లి, షిఫ్ట్ కీ నొక్కిపట్టి ఒక్కో అడుగూ వేసి, ఊపిరి బిగబట్టి గెంతడంలో ఉన్న భయం నాకు మారియోలో ఎప్పుడూ దొరకలేదు.

ఇన్నేళ్లుగా రాస్తూ నేను మొండిగా పట్టుకున్నది ఒక్కటే. ఆటలో ఇష్టాయిష్టాలు పుట్టేది వేళ్లలో. వేళ్లకేం జరిగిందో చెప్పకుండా "బాగుంది", "బోర్" అనేవాడు భోజనం చేయకుండా విస్తరి చూసి రుచి చెప్పేవాడు.

1993లో ఖమ్మంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో డాస్ (అప్పటి కంప్యూటర్లను నడిపిన సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడానికి చేరాను. నేర్చుకున్నది తక్కువ. పాఠం అయ్యాక సారు టీకి వెళ్తే ఫ్లాపీ పెట్టి ప్రిన్స్ ఆడేవాళ్లం. మాది నలుపు తెలుపు మానిటర్. ఆ ఆటలో ఎర్ర మందు తాగితే బలం వస్తుంది, నీలం తాగితే ఉన్నది పోతుంది. మాకు రెండూ బూడిదరంగే! ఎవడైనా ముందు తాగి చస్తే, ఏ గదిలో ఏ సీసా తాగకూడదో నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. మొత్తం ఆటకు గంటే టైము. సారు టీకి పట్టేది ఇరవై నిమిషాలు. రాజకుమార్తెను నేనెప్పుడూ కాపాడలేదు. నీ "గ్రాఫిక్స్ పాతవి" చదివినప్పుడు నాకు ఆ నోటుబుక్కే గుర్తొచ్చింది.

అన్నట్టు, పాత కంప్యూటర్‌లో చోటు లేకపోవడం వల్లే ఆ ఆటకు ప్రాణం వచ్చింది. మెక్నర్ ఆ ఆటను మొదట తయారుచేసిన యాపిల్ టూ కంప్యూటర్‌లో మెమరీ నిండిపోయి కొత్త శత్రువు బొమ్మలు పెట్టడానికి జాగా లేదు. అందుకని మెక్నర్ ప్రిన్స్ బొమ్మల్నే కాస్త పక్కకు జరిపి, వాటి మీదే కలిపి మెరిసే నీడలా మార్చాడు. అద్దంలోంచి గెంతితే ఆ నీడ విడిపోతుంది. చివర్లో దాన్ని కత్తితో పొడిస్తే నీకే తగులుతుంది. కత్తి ఒరలో పెట్టేయాలి, అప్పుడు అది వచ్చి నీలో కలిసిపోతుంది. దీనికి నువ్వు ఐదు మార్కులు వేశావు.

మార్కులంటే నాకు ఒళ్లుమంట. ఆ ఆట మీద నా మొదటి వ్యాసం ఒక వారపత్రికకు పంపితే "పిల్లల పేజీకి పంపండి" అని తిప్పి పంపారు. తర్వాత పదేళ్లకు ఆటలకు గిరాకీ వచ్చింది కదా, ఇంకో పత్రిక ఆదివారం సంచికాయన ఫోన్ చేసి "నక్షత్రాలు వేసి, వంద మాటల్లో ఇవ్వండి" అన్నాడు. మూడు వేసి పంపితే ప్రింటులో మూడున్నర అయింది. ఆ అర ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలీదు. ఇప్పుడు నక్షత్రాలు పోయి "టాప్ 10" వచ్చింది. నువ్వూ అదే పట్టుకున్నావు.

నేను మాత్రం అందరికీ నచ్చినవి మెచ్చుకుంటానా? డార్క్ సోల్స్ అనే ఆట నాకు పడదు. 2011 నుంచి కుర్రాళ్లు నాకు దాని గొప్పతనం చెబుతూనే ఉన్నారు. ఆటలో చస్తే, డబ్బులా వాడుకునే సోల్స్ సంపాదించినవన్నీ అక్కడే పడిపోతాయి, మళ్లీ వెళ్లి ఏరుకోవాలి, దారిలో ఇంకోసారి చస్తే అవీ పోతాయి. మా నాన్న అప్పుల్లో బతికాడు. పోయినదాని కోసం ఉన్నది పట్టుకుని మళ్లీ అదే గుమ్మానికి వెళ్లడం నేను ఇంట్లోనే చూశాను, సాయంత్రం సరదాకు అదెందుకు? ఇది ఆ ఆట తప్పు కాదు. కానీ నాకెందుకు పడదో నీకు తెలిసింది కదా?

పుస్తకం వేస్తే ఎవరైనా కొంటారా అని అడిగావు. దాని సంగతి తర్వాత.

నేను అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టింది నీ నాలుగో పేజీలో ఒక్క లైను కోసం. గుర్రాల మీద తిరిగే కౌబాయ్ ఆట రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 నత్తనడక అని, సొరుగు తెరవడానికీ డబ్బా తియ్యడానికీ కూడా అంతసేపేమిటని విసుక్కున్నావు. ఆ మధ్యలోనే "తాతయ్య చనిపోయిన వారం మిషన్లు (ఆట అప్పగించే పనులు) ఆడలేదు, గుర్రానికి బ్రష్ చేస్తూ కూర్చున్నాను" అని రాసి, వెంటనే పదికి తొమ్మిది వేసి తర్వాతి ఆటకు వెళ్లిపోయావు. ఎలా వెళ్లగలిగావురా? ఆ నత్తనడక లేకపోతే ఆ వారం నువ్వెక్కడ కూర్చునేవాడివి? మిగతా తొమ్మిది ఆటలూ తీసెయ్. ఆ వారం గురించి రాయి.

నిన్న మా అబ్బాయిని అడిగి ఆ ఆట పెట్టించుకున్నాను. ఏ బటన్ నొక్కినా నేను గుర్రమెక్కడమో తుపాకీ తియ్యడమో జరుగుతోంది. వాడు ఆఫీసుకెళ్లిపోయాడు. బ్రష్ చేసే బటన్ ఏదో ఈసారి ఉత్తరంలో రాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య