పెయింటింగ్ కొన్నాక ఆ డిజైన్ చీరల మీద వేసుకోకూడదా?

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉంటాం. రెండేళ్ల క్రితం ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్లినప్పుడు ఒక అబోరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసీ) పెద్దావిడ దగ్గర చుక్కల పెయింటింగ్ కొన్నాం. "చీర మీద వేయించుకుంటా" అంటే నవ్వుతూ తలూపింది. అప్పట్నుంచి ఆ డిజైన్‌తో చీరలు ప్రింట్ చేయించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నా, ఇప్పుడు లాయర్ నోటీసొచ్చింది. నిద్ర పట్టట్లేదు సార్. రంగులు మార్చి, చుక్కలు తగ్గిస్తే సరిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు.

జవాబు: ఆవిడ సంతకంతో కాగితం ఉందామ్మా? మీ లెటర్ మొత్తంలో నేను వెతికింది అదొక్కటే, అదే లేదు. మీరు కొన్నది కాన్వాస్, కాపీరైట్ ఇంకా ఆవిడదే. ఆస్ట్రేలియా 1968 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు చేతులు మారాలంటే రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. నోటిమాటతో పర్మిషన్ ఇవ్వొచ్చు గానీ దాన్ని మీరు రుజువు చేసుకోవాలి, పైగా మీరు కట్టుకునే ఒక్క చీరకి తలూపిందా, వ్యాపారానికా? వ్యాపారం పెట్టేముందు ఒక్క పేజీ రాయించుకోలేకపోయారా?

ఆ డిజైన్ వెనక వాళ్ల క్లాన్, అంటే వాళ్ల వంశం వాళ్లంతా కూడా ఉంటారు. 1998లో బులున్ బులున్ అనే అబోరిజినల్ ఆర్టిస్టు కేసులో కోర్టు క్లాన్‌కి కాపీరైట్‌లో వాటా లేదంది, కానీ ఆ కళని కాపాడే బాధ్యత ఆర్టిస్టుకి క్లాన్ పట్ల ఉందని చెప్పింది. వాళ్లకది కథ, నేల, పూర్వీకులు, దాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు.

రంగులు మార్చే పని మాత్రం అస్సలు చేయొద్దు. 1994లో అబోరిజినల్ డిజైన్లతో కార్పెట్లు అమ్మిన కంపెనీ మీద కేసులో డిజైన్‌ని సింపుల్ చేసి నేసినవి కూడా కాపీలే అన్నారు, లక్షా ఎనభై వేల డాలర్లకి పైగా కట్టమని తీర్పొచ్చింది. నోటీసు చదివాక మార్చారంటే తెలిసి చేసినట్టే. తెలీక చేశామని నిరూపిస్తే నష్టపరిహారం తప్పొచ్చు, వచ్చిన లాభం లెక్కగట్టి ఇవ్వడం మాత్రం అప్పుడూ తప్పదు. వాళ్లు కేసు వేయడానికి గడువు ఆరేళ్లు, అదీ ప్రతి అమ్మకానికీ విడిగా లెక్క, అందుకని కాలం గడిచిపోతుందిలే అని కూర్చోకండి.

ఇవాళే అమ్మకాలు ఆపండి. లిస్టింగ్‌లు స్క్రీన్‌షాట్లు తీసుకుని అప్పుడు దించండి, చాట్లు, ప్రింటర్ బిల్లులు, అమ్మకాల లెక్కలు ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు. అక్కడి కాపీరైట్ లాయర్‌తో నోటీసులో ఇచ్చిన తేదీలోపు జవాబు పంపించండి, ఇప్పటిదాకా వచ్చిన లాభంలో వాటా ఇస్తామని, ఇకముందు ఆవిడా క్లాన్ పెద్దలూ ఒప్పుకుంటేనే రాతపూర్వక లైసెన్సు తీసుకుని, లేబుల్ మీద ఆవిడ పేరు వేసి అమ్ముతామని అందులో రాయించండి. వాళ్లు వద్దంటే మిగిలిన స్టాక్ వాళ్లకే అప్పజెప్పండి.