పిస్టల్‌కి నూనె పెట్టే పని గురించి

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వడిగిన మాట రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. "స్లయిడ్ బరువుగా వస్తోంది మావయ్యా, ఇంకాస్త ఆయిల్ వెయ్యనా?" అన్నావు, పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే ఆ భాగం గురించి. వెయ్యకు. ముందు తుడువు. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే పోలీసు ఆయుధాల గదిలో, పనిచేసిన ఇన్నేళ్లలో నా చేతికి వచ్చిన బరువు స్లయిడ్లలో చాలావాటికి నూనె తక్కువ కాలేదు. పాత నూనెలో మసీ దుమ్మూ కలిసి ముద్ద కట్టాయి. దాని మీద కొత్త నూనె పోస్తే ఆ ముద్ద మెత్తబడి ఇంకా లోపలికి పోతుంది.

పని మొదలుపెట్టే ముందు తూటాలుండే మ్యాగజైన్ తియ్యి, స్లయిడ్ వెనక్కి లాగి ఛాంబర్‌ను, అంటే తూటా కూర్చునే గదిని, కంటితో చూడు, చిటికెన వేలు పెట్టి కూడా చూడు. తూటాలు ఆ బల్ల మీద అసలు ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో నీ మీద నాకెంత నమ్మకం ఉన్నా మళ్లీ మళ్లీ చెబుతాను.

మీ దగ్గరున్నది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసిన 9 ఎం.ఎం. పిస్టల్. అది బ్రౌనింగ్ హై పవర్ నమూనా. బ్రౌనింగ్ 1926లో పోయాక బెల్జియంలో డ్యుడొనే సేవ్ దాన్ని పూర్తిచేస్తే, 1935లో బయటికి వచ్చింది. ఈ పాత కథ ఎందుకంటే, దాని ఫ్రేమ్, అంటే పిడితో కలిసి ఉన్న కింది భాగం, మొత్తం ఉక్కే. గ్లాక్ లాంటి ప్లాస్టిక్ ఫ్రేమ్‌లో స్లయిడ్ ఆనేది నాలుగు చిన్న ఉక్కు ముక్కల మీద మాత్రమే. నీ పిస్టల్‌లో అలా కాదు, ఉక్కు గాడి పొడవునా ఉక్కు జారుతుంది. అందుకని ప్లాస్టిక్ పిస్టల్‌కి పొదుపుగా పెట్టినట్టు దీనికి పెడితే చాలదు.

ఎక్కడ పెట్టాలో పిస్టలే చూపిస్తుంది. విప్పి, శుభ్రంగా తుడిచి, వెలుతురులో పట్టుకో. నల్లరంగు అరిగి తెల్లగా మెరుస్తున్న చోటల్లా ఇనుము ఇనుముని రాసుకుంటున్న చోటే. గాడులు, బ్యారెల్ పైన స్లయిడ్‌లో లాక్ అయ్యే రెండు పట్టీలు, మూతి దగ్గర బ్యారెల్ బయటివైపు, బ్యారెల్ కింద ఫ్రేమ్‌కి తగిలే భాగం. గాడికి ఒక్కో చుక్క వేసి వేలితో పొడవునా సాగదియ్యి. బ్యారెల్ మీద పల్చటి పూత చాలు. వెనకున్న సుత్తిలాంటి హ్యామర్ ఇరుసుకి సూది మొనంత. మళ్లీ బిగించి స్లయిడ్‌ని పదిసార్లు ఆడించు. గాడి అంచున సన్నటి తడి గీత కనిపిస్తే సరిపోయినట్టు. చుక్కగా కారితే ఎక్కువైంది, తుడిచెయ్యి.

పొడిగా ఉండాల్సినవి కూడా అంతే ముఖ్యం. తూటా వెనక కొట్టే ఫైరింగ్ పిన్ కదిలే రంధ్రం, స్లయిడ్‌లో తూటా వెనకభాగం ఆనే ముఖం, ఛాంబర్, మ్యాగజైన్ లోపల. పిన్ రంధ్రంలో నూనె చేరితే మసి పట్టి పిన్ దెబ్బ మెత్తబడుతుంది. తూటా వెనక పిన్ దెబ్బకి అంటుకునే ప్రైమర్‌లోకి నూనె దిగితే అది పేలకపోవచ్చు. నిల్వ చేసేటప్పుడు బ్యారెల్ లోపల పల్చటి పూత ఉండాలి. కాల్చే రోజున పొడి చిందీ, అంటే గుడ్డ ముక్క, ఒకటి దూర్చి ఆ పూత తీసెయ్యాలి.

ఇక ఏ నూనె అన్నావు. డిపార్ట్‌మెంట్ ఇచ్చే ఆయుధాల నూనె ఉన్నంతకాలం అదే. అది అయిపోతే మంచి గన్ ఆయిల్ కొనమని అడుగు. కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు రోజులకు పనికొస్తుంది, మన ఉక్కపోతకి నిలవదు. డబ్ల్యూడీ-40 నీటిని తరమడానికి పుట్టిన మందు. తడిసిన పిస్టల్ మీద కొట్టు, తర్వాత తుడిచి అసలు నూనె పెట్టు, దాన్నే నూనె అనుకోకు. కొబ్బరినూనె రాసేవాళ్లని కూడా చూశాను. 24 డిగ్రీల కంటే తగ్గితే గడ్డకడుతుంది, డిసెంబర్‌లో మన రాత్రులకు ఆ మాత్రం చల్లదనం వస్తుంది. పైగా పాతబడి జిగురవుతుంది. బండిలోంచి తీసిన ఇంజన్ ఆయిల్ అసలు వద్దు, అందులో ఆమ్లమూ మసీ ఉంటాయి. పల్చని నూనె ఎండాకాలంలో గాడుల్లోంచి కిందికి జారిపోతుంటే, గాడులకు మాత్రం మెత్తటి గ్రీజు గోరంత పెట్టొచ్చు. ఉక్కు ఫ్రేమ్‌కి అది బాగా పడుతుంది. కానీ పోర్టు వైపు డ్యూటీ పడితే నూనే మేలు. వన్ టౌన్‌లో బొగ్గు ధూళి ఎంతో నీకు తెలుసు. గ్రీజులో అది చేరిందా, గాడిని ఉప్పుకాగితంలా గీకేస్తుంది.

మన ఊళ్లో రాపిడి కంటే ఉప్పుగాలితోనే ఎక్కువ నష్టం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేదు, అందరం రోడ్ల మీదే ఉన్నాం. రెండు రోజుల తర్వాత ఒక పిస్టల్ తడి తోలు హోల్‌స్టర్‌తో సహా వెనక్కి వచ్చింది. తోలు అదిమిన చోటల్లా ఎర్రటి మచ్చలు. నూనె పూసి నెమ్మదిగా రుద్దితే తుప్పు పోయింది గానీ గుంటలు మిగిలిపోయాయి. ఆ పిస్టల్ చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉండేది. అప్పటినుంచి తోలు సంచిలో ఏ ఆయుధాన్నీ రాత్రి ఉంచనివ్వలేదు. నువ్వూ ఉంచనివ్వకు. చేతి చెమట కూడా ఉప్పే, అందుకే ఎవరు ముట్టుకున్నా చివర్లో నూనె గుడ్డతో బయటంతా ఒకసారి తుడవాలి. వానాకాలంలో వారానికోసారి, వాడకపోయినా సరే.

ఒకటి మర్చిపోయాను. ఈ పిస్టల్ మ్యాగజైన్ లేకుండా ట్రిగ్గర్ నొక్కనివ్వదు. బిగించాక హ్యామర్ పరీక్షించాలంటే ఖాళీ మ్యాగజైన్ పెట్టాలి. అది ఖాళీదేనని నువ్వే చూడు, ఎవరో అందించింది పెట్టెయ్యకు. ర్యాక్‌లో మూతి కిందికి వచ్చేలా నిలబెట్టు. మిగిలిన నూనె మూతివైపు దిగుతుంది, పిన్ దగ్గరికి పోదు. ఆ కింద పాత గుడ్డ ముక్క వేసి ఉంచు, పొద్దున ఎంత దిగిందో చూసి నాకు ఫోన్ చెయ్యి.

నీ మావయ్య