సాన చక్రం మీద వాలు తప్పకుండా

ప్రశ్న: మా క్యాటరింగ్ కత్తులను 6 అంగుళాల బెంచ్ గ్రైండర్ మీద మేమే సాన పడుతున్నాం. ఒకే కత్తి కొంత మేర బాగా తెగుతుంది, కొంత మేర మొద్దుగా ఉంటుంది. కొన దగ్గర వాలు (వాదర పక్కన ఏటవాలుగా అరిగే పట్టీ) మరీ వెడల్పుగా వస్తోంది. అంతటా ఒకేలా రావాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: చదును రాయి మీద కత్తి ముందుకూ వెనక్కూ జరిగినా కోణం మారదు. చక్రం గుండ్రన కాబట్టి, వాదర తగిలే చోటు మారితే కోణమూ మారిపోతుంది. మీ 6 అంగుళాల రాయి మీద 1.3 మిల్లీమీటర్లు జరిగితే ఒక డిగ్రీ తేడా వస్తుంది. 250 మి.మీ. రాయి మీదైతే అదే తేడాకు 2.2 మి.మీ. జరగాలి. ఉత్త చేత్తో 4, 5 మి.మీ. అటూ ఇటూ కావడం మామూలే. 15 డిగ్రీలు అనుకున్నది 19 అవుతుంది.

అందుకే కత్తి వెన్నుకు ఒక బిగింపు, అది ఆనడానికి ఇరుసుకు సమాంతరంగా ఒక గుండ్రటి కడ్డీ ఉండాలి. గ్రైండర్‌తో వచ్చే రెస్ట్ (పనిముట్టు ఆన్చే చిన్న పలక) ఉలికి పనికొస్తుంది కానీ, కత్తికి కావలసిన 15–20 డిగ్రీల పల్చని వాలుకు కుదరదు. బిగింపు నుంచి వాదర దాకా ఉన్న దూరం కొలిచి రాసిపెట్టుకోండి. ఈసారీ అదే దూరం, వచ్చేసారీ అదే.

కడ్డీ సరిగ్గా ఉందో లేదో మార్కర్ పెన్ చెబుతుంది. వాలంతా రంగు పూసి, స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, చక్రాన్ని చేత్తో తిప్పండి. రంగు వాదర చివరే పోతే కోణం ఎక్కువైంది. వెన్ను వైపే పోతే తక్కువైంది. వెడల్పంతా సమంగా పోవాలి. రాయి అరిగేకొద్దీ సైజు తగ్గి కోణం మారుతుంది కనుక, కత్తి పట్టిన ప్రతిసారీ ఇది చేయాల్సిందే. రాయి నడుమ గాడి పడితే ముందు డ్రెస్సర్‌తో (రాయి ముఖాన్ని అరగదీసే పనిముట్టు) చదును చేయండి.

కొన వెడల్పవుతోందంటే బిగింపు పిడి వైపు ఎక్కువగా ఉన్నట్టు. కొన దగ్గర బిగింపు నుంచి వాదరకు దూరం పెరిగి కోణం పడిపోతుంది. బిగింపును కొన వైపు కొద్దిగా జరపండి. వంపు మొదలైన చోటి నుంచి పిడిని మెల్లగా ఎత్తుతూ రండి. కొన రాయి నడుమకు రాగానే కత్తి తీసేయండి. రాయి దాటి జారితే కొన గుండ్రబడుతుంది.

వాలు అంతటా సమంగానే ఉండి, ఒకే చోట పదే పదే మొద్దుబారుతుంటే తప్పు కోణానిది కాదు, వేడిది. నిమిషానికి దాదాపు 2,850 చుట్లు తిరిగే పొడి రాయి మీద పల్చని వాదర క్షణాల్లో నీలం రంగుకు తిరుగుతుంది. అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఆ రంగును పైపైన రుద్ది పోగొట్టినా గట్టిదనం తిరిగి రాదు, మెత్తబడ్డ మేర మొత్తం అరగదీయాలి. అందుకే వంటింటి కత్తులకు నీళ్లలో తిరిగే నెమ్మది చక్రమే మా సలహా. టార్మెక్ టీ-8 లాంటి వాటిలో 250 మి.మీ. రాయి నిమిషానికి 90 చుట్లే తిరుగుతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే, పెచ్చు ఊడిన కత్తిని దిద్దడానికి మాత్రమే మీ గ్రైండర్ వాడి, ప్రతి లాగుడుకూ నీళ్లలో ముంచుతూ, చివరి పదును చేతి రాయి మీద పెట్టండి.