పసుపు పలకలు కరెంటు స్తంభం దగ్గరకు వెళ్లకూడదు

"మన నగరాల్లో కాలిబాటలు దివ్యాంగులకు అనువుగా మారాలంటే ముందుగా ఏం చేయాలి?" అని అడిగారు. నన్నడిగితే, వేసిన బాట మీద చూపు లేని మనిషినీ చక్రాల కుర్చీలో తిరిగే మనిషినీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లనిచ్చి, వారు సరేనన్న తరువాతే కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించాలి. మిగిలినవన్నీ దాని తరువాతే.

మా మేనమామకు షుగరు వల్ల రెండు కళ్లూ పోయాయి. రెండేళ్ల క్రితం విజయవాడ గవర్నర్‌పేటలో బ్యాంకు పని చూసుకుని ఏలూరు రోడ్డు వైపు వస్తున్నప్పుడు, కొత్త కాలిబాట మీద చూపు లేనివారికి పాదాల స్పర్శతో దారి చెప్పే పసుపు పలకలు ఉన్నాయని చెప్పగానే ఆయన నా భుజం వదిలేసి, "ఉండరా, నేనే నడుస్తాను" అన్నారు. గీతల పలక ఉంటే తిన్నగా నడవాలి, చుక్కల పలక తగిలితే ఆగాలి. 1967లో జపాన్‌లోని ఒకయామాలో తొలిసారి పరిచిన ఈ పలకల భాష ఆయనకు బాగా తెలుసు. చెప్పు కింద గీతలను పోల్చుకుంటూ ఇరవై అడుగులు ఎవరి సాయమూ లేకుండా నడిచారు. ఆ గీతలు తిన్నగా ఒక కరెంటు స్తంభం మీదికే వెళ్లాయి, దాని ముందు ఒక్క చుక్కల పలక కూడా లేదు. చేతికర్ర స్తంభం పక్కనుంచి జారిపోయింది. పైన బిగించిన ఇనుప పెట్టె అంచు ఆయన నుదుటికి తగిలి రక్తం వచ్చింది. నేను రెండడుగుల వెనకే ఉండి కూడా అందుకోలేకపోయాను.

"గీతలున్నాయి కదా అని ధైర్యంగా నడిచానురా" అన్నారు. పలకలు అసలు లేకపోతే ఆయన తడుముకుంటూ వెళ్లేవారు. తప్పుగా వేసిన పలకలే ఆయనను నమ్మించి స్తంభానికి అప్పగించాయి.

ఎత్తు సంగతీ చెప్పాలి. కాలిబాట అంచు 150 మిల్లీమీటర్లు మించకూడదని, రోడ్లకు ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతుండగా, మన దగ్గర మురుగుకాలువ మీద పలకలు కప్పి దానినే కాలిబాట అనడం వల్ల అది చాలాచోట్ల మోకాలి ఎత్తుకు లేస్తోంది. దాని మీదికి చక్రాల కుర్చీ ఎలా ఎక్కుతుంది? దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, ఇంకా ఎన్నాళ్లు ఆగాలి?

మామయ్య ఇప్పుడు కాలిబాట ఎక్కరు. రోడ్డు అంచునే నడుస్తారు, ఆటోలు వచ్చే వైపు నేను ఉంటాను.